అవధానమా, ముషాయిరానా, ఇంప్రావా: హైదరాబాద్‌లో ఏ సభకు వెళ్లాలి?

శనివారం సాయంత్రం హైదరాబాద్‌లో సినిమా కాకుండా ఇంకేం చూడొచ్చని వెతికేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పాట కచేరీలు, డాన్సు ప్రోగ్రాముల గురించి కాదు. కళాకారుడు మన కళ్లముందే, అప్పటికప్పుడు, ఏదో ఒక షరతుకు లోబడి ఏదైనా పుట్టించే కార్యక్రమాల గురించి. అష్టావధానం, ముషాయిరా (ఉర్దూ కవులు తమ కవితలు చదివే సభ), ఇంప్రావ్ కామెడీ, ఓపెన్ మైక్, నాటికల పోటీలు, ముగ్గుల పోటీలు ఈ ఊళ్లో ఏడాది పొడుగునా ఏదో ఒక మూల జరుగుతూనే ఉంటాయి. చాలావాటికి టికెట్ కూడా ఉండదు. అయినా హాళ్లు సగం ఖాళీగా ఉండటానికి ఒక కారణం ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు తమకు సరిపడని సభకు వెళ్లి, గంటసేపు శాలువాలు కప్పడం చూసి వచ్చినవాళ్లు మళ్లీ అటు తొంగిచూడరు. అందుకే ఎంచుకోవడం తెలియాలి.

నేను ఒకే ఒక్క కొలత వాడతాను. కళాకారుడికి పెట్టిన షరతు ఎంత గట్టిది? ఆ షరతు ప్రేక్షకుడికి ఎంత స్పష్టంగా కనిపిస్తుంది? షరతు గట్టిదై, అది మనకు తెలిసిందంటే ప్రతి మాటనూ ఊపిరి బిగబట్టి వింటాం. షరతు ఉండి మనకు తెలియకపోతే పద్యం చెవిన పడుతుంది కానీ ఉత్కంఠ ఉండదు. షరతే లేకపోతే అది మామూలు ప్రదర్శన. బాగుండొచ్చు, కానీ ట్రాఫిక్‌లో గంటసేపు ప్రయాణం చేసి మరీ వెళ్లాల్సినంత ఉండకపోవచ్చు.

ఈ కొలతతో చూస్తే నా మొదటి ఓటు అవధానానికే.

అష్టావధానం

ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్లు, వేదిక మీద కూర్చుంటారు. మధ్యలో అవధాని. ఆయన చేతిలో కాగితం ఉండదు, కలం ఉండదు. ఒక్కో పృచ్ఛకుడు ఒక్కో రకం చిక్కు తెస్తాడు. అవధాని మొదటి ఆవృతంలో, అంటే మొదటి చుట్టులో, పద్యం అడిగిన ప్రతి పృచ్ఛకుడికీ ఒక్కో పాదం చెబుతాడు. రెండో ఆవృతంలో రెండో పాదం. అలా నాలుగు ఆవృతాలు తిరిగేసరికి పద్యాలన్నీ పూర్తవుతాయి. చివర్లో ధారణ: అప్పటిదాకా ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలన్నిటినీ వరసగా, తడుముకోకుండా అప్పజెప్పాలి. ఇది తెలిసి చూడటం, తెలియక చూడటం రెండూ ఒకటి కావు.

షరతు ఎక్కడ బిగుస్తుందో అంశాల వారీగా తెలుసుకుని వెళ్లండి. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం చెప్పగానే పృచ్ఛకుడు తర్వాతి అక్షరంగా ఏది రాకూడదో చెబుతాడు. అంటే అవధాని మనసులో ఏ మాట ఉందో ఊహించి, ఆ దారి మూసేస్తాడు. అవధాని ఛందస్సు చెడకుండా, అర్థం చెడకుండా ఇంకో దారి వెతుక్కోవాలి. ఇద్దరు తెలివైనవాళ్లు ఎదురెదురుగా కూర్చుని ఆడే ఆట ఇది, చూడటానికి కూడా అలాగే ఉంటుంది. నేను సభలో అన్నిటికన్నా జాగ్రత్తగా గమనించేది ఈ అంశాన్నే. పృచ్ఛకుడు నిషేధించే అక్షరం మీరూ ఊహించడానికి ప్రయత్నించండి. రెండు మూడుసార్లు సరిగ్గా పడితే ఇక కుర్చీలోంచి లేవబుద్ధి కాదు.

న్యస్తాక్షరిలో ఫలానా పాదంలో ఫలానా స్థానంలో ఫలానా అక్షరం రావాలని అడుగుతారు. సమస్యాపూరణంలో అర్థం పర్థం లేనట్టు కనిపించే పాదం ఒకటి ఇచ్చి, దానికి అర్థం వచ్చేలా మిగతా పాదాలు కట్టమంటారు. 'కుంజర యూథంబు దోమ కుత్తుక జొచ్చెన్' అన్నది మన చాటువుల్లో అందరికీ తెలిసిన సమస్య. ఏనుగుల మంద దోమ గొంతులో దూరడమేమిటి? శత్రువులను చీల్చి చెండాడే పాండవులు విరాటుడి కొలువులో పనివాళ్లుగా చేరారనే సందర్భం తెచ్చి పూరిస్తే, అదే పాదం విధి మీద నిట్టూర్పుగా మారిపోతుంది. సమస్య వినగానే మీ బుర్రలో కూడా ఒక పూరణ ఆలోచించుకుని ఉంచుకోండి. అవధాని తెచ్చిన సందర్భం మీ ఊహకు ఎంత దూరంలో ఉందో చూస్తే ఆయన శక్తి తెలుస్తుంది.

దత్తపది పిల్లలకు కూడా నచ్చుతుంది. ఇడ్లీ, వడ, పూరీ, దోసె అని నాలుగు మాటలిచ్చి మహాభారత కథార్థంలో పద్యం చెప్పమన్నారనుకుందాం. తినే వస్తువుల ప్రస్తావన రాకూడదు. వడ 'వడకుచు'లో ఒదుగుతుంది. పూరి 'శంఖము పూరించె'లో సర్దుకుంటుంది. దోసె 'దోసెడు'లో ఉండనే ఉంది. ఇడ్లీ దగ్గరికి వచ్చేసరికి సభ మొత్తం ముందుకు వంగుతుంది. ఇలాంటి చిక్కు మాట ఒక్కటైనా ఇవ్వడంలోనే పృచ్ఛకుడి పనితనం ఉంది.

అప్రస్తుత ప్రసంగం పేరుకు తగ్గట్టే మధ్యలో అడ్డుపడి ఏవేవో అడిగి అవధాని ఏకాగ్రత చెదరగొట్టే పని. జనం ఎక్కువగా నవ్వేది ఇక్కడే. కొంతమంది దీనికోసమే వస్తారు. నా అభిప్రాయంలో మాత్రం అప్రస్తుతం మోతాదు మించిన సభ బలహీనమైన సభ. నవ్వులు పూయించే జవాబులు ముందే తయారుచేసుకున్నవి కావచ్చు, కానీ నిషిద్ధాక్షరిలో ముందే తయారుచేసుకోవడానికి ఏమీ ఉండదు. వర్ణన, ఆశువు, పురాణ పఠనం, ఘంటా గణనం వంటివి సభను బట్టి మారుతుంటాయి. ఘంటా గణనంలో మధ్యమధ్యలో కొట్టిన గంటలు ఎన్నో చివర్లో చెప్పాలి. మీరూ లెక్కపెట్టండి, పద్యాలు వింటూ లెక్క తప్పకుండా ఉండటం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.

ఈ విద్యను పండిత గోష్ఠుల నుంచి జనం మధ్యకు తెచ్చి పేరు తెచ్చినవాళ్లు తిరుపతి వేంకట కవులు, అంటే దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి. గద్వాల, ఆత్మకూరు, పిఠాపురం వంటి సంస్థానాల్లో వారి సభల గురించి ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. మన కాలంలో మేడసాని మోహన్, గరికిపాటి నరసింహారావు, మాడుగుల నాగఫణి శర్మ శతావధానాలు, సహస్రావధానాల దాకా వెళ్లారు. గరికిపాటికి 2022లో, మాడుగులకు 2025లో పద్మశ్రీ వచ్చింది. కానీ మొదటిసారి చూసేవాళ్లకు నేను శతావధానం చెప్పను. వంద మంది పృచ్ఛకులతో రోజుల తరబడి సాగే సభలో దారం పట్టుకోవడం కష్టం. అష్టావధానమైతే రెండున్నర, మూడు గంటల్లో మొదలు నుంచి ధారణ దాకా మొత్తం చూడొచ్చు.

పెద్ద పేరు కోసం ఆగాల్సిన పని కూడా లేదు. యువ అవధానులు, మహిళా అవధానులు చేసే చిన్న సభల్లో షరతు ఇంకా బాగా కనిపిస్తుంది. చేయి తిరిగిన అవధాని మనకు కష్టం తెలియనివ్వడు. కొత్త అవధాని ఒక పాదం దగ్గర ఆగి, రెండు నిమిషాలు ఆలోచించి, మళ్లీ అందుకున్నప్పుడు ఆ రెండు నిమిషాల్లో సభ అంతా ఆయనతోపాటు ఆలోచిస్తుంది.

ఎక్కడ దొరుకుతాయంటే రవీంద్రభారతి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, నాంపల్లిలో తెలుగు విశ్వవిద్యాలయం ఆడిటోరియం, కొన్ని ఆలయాల ప్రాంగణాలు. ఉగాది ముందూ వెనకా, దసరా రోజుల్లో ఎక్కువ. రవీంద్రభారతికి అసెంబ్లీ గానీ లక్డీకాపూల్ గానీ మెట్రో స్టేషన్ దగ్గర. గానసభకు చిక్కడపల్లి స్టేషన్ ఉంది. ప్రవేశం సాధారణంగా ఉచితం.

ఆహ్వాన పత్రిక చూస్తేనే సభ నాణ్యత చాలావరకు అర్థమవుతుంది. పృచ్ఛకుల పేర్లు, ఒక్కొక్కరి ఎదురుగా వారి అంశం అచ్చువేసి ఉంటే నిర్వాహకులకు పని తెలుసన్నమాట. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, గౌరవ అతిథి అని సగం పత్రిక నిండి, పృచ్ఛకుల పేర్లు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటే అవధానానికి మిగిలే సమయం తక్కువ. అలాంటి చోట ఆవృతాలు కుదించేస్తారు, ధారణ హడావుడిగా ముగుస్తుంది. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. మూడు గంటలు అంతటి భారం మోసిన మనిషికి చివరి పదిహేను నిమిషాలు నిదానంగా ఇవ్వలేకపోతే ఎలా?

ఒక చిన్న ఉపాయం: నోట్‌బుక్ తీసుకెళ్లి, అన్నీ రాయాలనుకోకుండా ఒకే ఒక్క పృచ్ఛకుడిని ఎంచుకోండి. ఆయన అడిగిన పద్యం పాదాలు మాత్రం నాలుగు ఆవృతాల్లోనూ రాసుకోండి. ధారణ వచ్చినప్పుడు మీ కాగితం చేతిలో పట్టుకుని వినండి. ఛందస్సు రాకపోయినా పరవాలేదు.

అవధానాలు యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, చూడండి, నేర్చుకోవడానికి మంచివి. కానీ అవధాని ఆగిన చోట వేలు ముందుకు జరిపేస్తాం. ఆ ఆగిన క్షణమే అసలైనది. అమెరికాలో, ఇతర దేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు స్థానిక తెలుగు సంఘాల సభల్లో అవధానాలు దొరుకుతున్నాయి. కొందరు ఆన్‌లైన్‌లో కూడా చేస్తున్నారు. రికార్డింగ్ కంటే ఆన్‌లైన్‌లో నేరుగా చూడటం ఎంతో మేలు. అదే సంఘాల్లో భువనవిజయం కూడా వేస్తుంటారు, రాయలవారి కొలువులో అష్టదిగ్గజాలుగా వేషాలు కట్టి పద్యాలు చదివే సాహిత్య రూపకం. ముచ్చటగా ఉంటుంది. అయితే అందులో చాలావరకు ముందే రాసుకున్నదే కాబట్టి నా కొలతలో అది రెండు మెట్లు కింద.

ముషాయిరా

హైదరాబాద్‌లో ఉంటూ ముషాయిరా చూడకపోవడం పెద్ద లోటు. ఉర్దూ రాదని చాలామంది తెలుగువాళ్లు వెనకాడతారు. ఇక్కడ రెండు రకాలు వేరు చేసుకోవాలి.

గంభీరమైన గజల్ ముషాయిరా ఒకటి. ఇందులో షరతు ఛందస్సులో, ప్రాసలో ఉంటుంది. గజల్‌లో ప్రతి షేర్ (రెండు పంక్తుల పద్యం) చివర ఒకే మాట తిరిగి తిరిగి వస్తుంది, అది రదీఫ్. దానికి ముందు ప్రాస మాట మారుతూ ఉంటుంది, అది కాఫియా. మొదటి షేర్ వినగానే శ్రోతకు ఈ రెండూ తెలిసిపోతాయి. ఇక ఆ తర్వాత షాయర్ (కవి) మొదటి పంక్తిని రెండు మూడుసార్లు చదువుతాడు, సభ దాన్ని అందుకుని తిరిగి పలుకుతుంది, రెండో పంక్తిలో ఏ కాఫియా వస్తుందో ఊహిస్తుంది. ఊహ కుదిరితే షాయర్‌తో పాటు సభ మొత్తం ఆ మాటను ఒక్కసారిగా పలుకుతుంది. కుదరకుండా ఇంకా గొప్ప మాట పడితే 'వాహ్' అని లేస్తారు. అవధానంలో ప్రేక్షకుడు మౌనంగా ఊహిస్తాడు, ఇక్కడ బయటికే ఊహిస్తాడు. ఈ తేడా కోసమైనా రెండూ చూడాలి.

ఇందులోనే తరహీ ముషాయిరా అని ఒక పద్ధతి ఉంది. ఒక పంక్తిని ముందే ప్రకటిస్తారు, దాన్ని మిస్రా-ఎ-తరహ్ అంటారు. వచ్చే షాయర్లందరూ అదే ఛందస్సులో, అదే కాఫియా రదీఫ్‌లతో గజల్ రాసుకుని రావాలి. మన సమస్యాపూరణానికి ఇది దగ్గరి చుట్టం. తేడా ఏమిటంటే సమస్య ఒక్కరికే ఇస్తారు, అప్పటికప్పుడే పూరించాలి. తరహ్ అందరికీ ఒకటే ఇస్తారు, ఆలోచించుకోవడానికి రోజులుంటాయి. అందువల్ల అవధానంలో వేగం చూస్తాం, తరహీలో పోలిక చూస్తాం. ఒకే మాట పది మంది చేతిలో పది రకాలుగా తిరగడం చూడాలంటే దీన్ని మించినది లేదు. తరహీ ముషాయిరా ఎక్కడైనా ఉందని తెలిస్తే మిగతా పనులు మానుకుని వెళ్లమంటాను.

రెండోది మజాహియా, అంటే హాస్య ముషాయిరా. 1962లో మొదలైన జిందా దిలానె హైదరాబాద్ సంస్థ ఈ హాస్యాన్ని దశాబ్దాల పాటు నిలబెట్టింది. దక్కనీ కవిత్వంలో హాస్యానికి సులేమాన్ ఖతీబ్ పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇరానీ హోటల్లో, ఆటోలో వినే 'నక్కో' (వద్దు), 'హౌ' (అవును) భాషే వేదిక మీద వినిపిస్తుంది. నగరంలో పెరిగిన తెలుగువాళ్లకు చాలావరకు అర్థమవుతుంది. ఉర్దూ కొత్తవాళ్లు ఇక్కడి నుంచి మొదలుపెట్టడం మంచిది. ఇంట్లో కొంత తయారీ కావాలంటే దాశరథి తెనిగించిన గాలిబ్ గీతాలు చదివి వెళ్లండి. గజల్ రుచి తెలుగులోనే పట్టుబడుతుంది.

ఒక్క ఇబ్బంది, టైమ్. ముషాయిరాలు రాత్రి ఆలస్యంగా మొదలై అర్ధరాత్రి దాటుతాయి. పేరున్న షాయర్లు చివర్లో చదువుతారు. సభాధ్యక్షుడు అందరికన్నా ఆఖర్న. మధ్యలో వచ్చేస్తే మంచిది పోగొట్టుకున్నట్టే. మర్నాడు ఆఫీసు ఉంటే వద్దు. చివరి మెట్రో దొరకదు కాబట్టి తిరుగు ప్రయాణం ముందే చూసుకోండి.

ఇంప్రావ్, ఓపెన్ మైక్: రెండూ ఒకటి కాదు

కాఫీ షాపుల్లో, చిన్న స్టూడియోల్లో జరిగే ఈ రెంటినీ చాలామంది కలిపేస్తారు. నా లెక్కలో వీటికి చాలా దూరం.

ఇంప్రావ్‌లో నటులు స్క్రిప్ట్ లేకుండా వస్తారు. ప్రేక్షకులను ఒక చోటు, ఒక వృత్తి, ఒక వస్తువు అడుగుతారు. ఎవరో 'పెళ్లి పందిరి' అంటారు, ఇంకెవరో 'ప్లంబర్' అంటారు, క్షణంలో సన్నివేశం మొదలవుతుంది. ఒక ఆటలో ఇద్దరు నటిస్తుండగా మూడోవాడు ఆగమంటాడు, ఒకరి స్థానంలోకి అదే భంగిమలో వెళ్లి వేరే కథ మొదలుపెడతాడు. ఇంకోదాంట్లో అందరూ తలా ఒక్క మాట చెబుతూ కథ నడపాలి. షరతు మన నోటి నుంచే పుట్టింది కాబట్టి అది మనకు తెలియకపోయే ప్రసక్తే లేదు. అందుకే పద్యం, ఉర్దూ రెండూ భయపెట్టేవాళ్లకు, కళాసభలంటేనే కొత్తవాళ్లకు నేను మొదట ఇంప్రావ్ చెబుతాను. కెనడాలోని కాల్గరీలో 1977 ప్రాంతంలో కీత్ జాన్‌స్టన్ దీన్ని రెండు జట్ల పోటీగా, జడ్జీలతో, మార్కులతో రూపొందించారు. థియేటర్‌స్పోర్ట్స్ అన్న ఆ పద్ధతిలో షో ఉంటే అదే ఎంచుకోండి. జట్లు ఉంటే సరదా పెరుగుతుంది.

గంట, గంటన్నరలో అయిపోతుంది. టికెట్ మామూలుగా కొన్ని వందల రూపాయలు. ఎక్కువగా ఇంగ్లిష్, హిందీ, హైదరాబాదీ కలగలుపు. తెలుగు ఎంత ఉంటుందో బుక్ చేసేముందు అడగండి. మొదటి వరసలో కూర్చుంటే మిమ్మల్ని పైకి పిలిచే అవకాశముంది. టెన్షన్ అనిపిస్తే మూడో వరస సరిగ్గా సరిపోతుంది, మాట వినబడుతుంది, చేయి అందదు. బూతు ఉంటుందా లేదా అన్నది కూడా ముందే కనుక్కోండి, పిల్లలతో వెళ్తే తప్పనిసరిగా.

ఇంప్రావ్ బలహీనత కూడా చెప్పాలి. బాగా నవ్విస్తుంది, కానీ ఇంటికి వచ్చాక పట్టుకుని తలచుకోవడానికి పెద్దగా మిగలదు. అవధానంలో ఒక పూరణ ఏళ్ల తరబడి నోట్లో ఆడుతుంది.

ఓపెన్ మైక్‌లో షరతు ఒక్కటే, సమయం. ఐదు నిమిషాలో, ఏడు నిమిషాలో. లైటు వెలిగితే దిగిపోవాలి. కవిత, జోకు, పాట, కథ ఏదైనా కావచ్చు. చాలావరకు ముందే రాసుకుని ఫోన్లో చూసి చదువుతారు. చూడటానికి మాత్రమే వెళ్లేవాళ్లకు ఇది నా జాబితాలో కింద ఉంటుంది. ఆ సాయంత్రం ఎవరు వస్తారన్న అదృష్టం మీద ఆధారపడాలి. కానీ మీ డైరీలో కవితలుంటే, ఎప్పుడూ ఎవరికీ చదివి వినిపించకపోతే, ఓపెన్ మైక్‌ను మించిన చోటు ఇంకోటి లేదు. అవధాన వేదిక ఎక్కాలంటే ఏళ్ల సాధన కావాలి. ఇక్కడ పేరు రాయించుకుంటే చాలు. ముందు వెళ్లి పేరు ఇవ్వండి, మొదటి ఐదారుగురిలో పడేలా చూసుకోండి, చివరికి వచ్చేసరికి జనం పలచబడతారు. కొన్నిచోట్ల చదివేవాళ్ల దగ్గర కూడా ఫీజు తీసుకుంటారు. మొదటిసారికి ఉచితంగా ఉన్న చోటు చాలు.

బంజారా హిల్స్ రోడ్ నంబర్ 1 దగ్గరున్న లామకాన్‌ను ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 2010 నుంచి నడుస్తున్న ఆ ఇంటి ప్రాంగణంలో ఒక రోజు కవిత్వం, ఒక రోజు నాటకం, ఒక రోజు చర్చ. చాయ్, సమోసా తక్కువ ధరకే. కొత్తగా ఏదైనా మొదలుపెట్టేవాళ్లకు ఊళ్లో అంత సులువుగా తలుపు తీసే చోట్లు ఎక్కువ లేవు.

పోటీగా ఉండే ఓపెన్ మైక్ కావాలంటే పొయెట్రీ స్లామ్ వెతకండి. 1980లలో షికాగోలో మార్క్ స్మిత్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ప్రేక్షకుల్లోంచే ఐదుగురిని జడ్జీలుగా పిలుస్తారు, ఒక్కో కవితకు సున్నా నుంచి పది దాకా మార్కులు, పై మార్కు, కింది మార్కు తీసేసి మిగతా మూడూ కలుపుతారు. కవికి మూడు నిమిషాలు. కవిత్వం గురించి ఏమీ తెలియని మనిషి జడ్జీగా కూర్చుని నిజాయితీగా మార్కు వేయడం నాకు చాలా ఇష్టమైన దృశ్యం. మిమ్మల్ని పిలిస్తే కాదనకండి.

నాటికల పోటీలు

దీన్ని హైదరాబాద్‌లో కన్నా కృష్ణా, గుంటూరు, ప్రకాశం వైపు చూడాలి. రవీంద్రభారతిలో కూడా జరుగుతాయి కానీ పరిషత్తు నాటకాల, అంటే నాటక సంఘాలు పెట్టే పోటీల, వాతావరణం ఆ జిల్లాల్లో వేరు. సొంతూరు అటువైపైతే సెలవులకు వెళ్లినప్పుడు ఒక సాయంత్రం కేటాయించండి.

నాటిక ముందే రాసింది, నెలల పాటు రిహార్సల్ చేసింది. అయినా దీన్ని జాబితాలో పెట్టడానికి కారణం పోలిక. ఒకే రంగస్థలం, ఒకే సాయంత్రం, మూడు నాలుగు నాటక సమాజాలు. ఒక నాటిక అవగానే తెర వెనక నిమిషాల్లో సెట్ విప్పి ఇంకోటి కట్టాలి. ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ రచన, ఉత్తమ నటుడు, నటి, ఉత్తమ ఆహార్యం, సంగీతం, రంగాలంకరణ అన్నిటికీ వేరు వేరు బహుమతులు. ప్రేక్షకుల్లో పండిపోయినవాళ్లుంటారు, విరామంలో వాళ్ల పక్కన నిలబడితే చాలు, లైటింగ్ ఎక్కడ తప్పిందో, ఏ డైలాగు దగ్గర నటుడు తొందరపడ్డాడో మొత్తం వినొచ్చు. నంది నాటకోత్సవాలు జరిగే ఏడాది ఇవన్నీ పెద్ద ఎత్తున ఉంటాయి. 2023 డిసెంబర్‌లో గుంటూరులో జరిగాయి. పద్యనాటకం, సాంఘిక నాటకం, నాటిక, బాలల నాటిక అని విభాగాలుంటాయి. పద్యం మీద మమకారం ఉంటే పద్యనాటకం రోజు, మొదటిసారైతే నాటికల రోజు ఎంచుకోండి. ఒక్క నాటిక మాత్రమే చూసి వచ్చేయొద్దు. కనీసం రెండు చూస్తేనే పోటీ అన్నదానికి అర్థం.

పోటీ అక్కర్లేదు, వింత కావాలంటే సురభి ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన కుటుంబ నాటక సమాజాల వారసులు ఇంకా వేస్తున్నారు. గాల్లో ఎగిరే పాత్రలు, వేదిక మీద కురిసే వాన, కళ్లు మూసి తెరిచేలోగా మారే తెరలు, అన్నీ చేత్తో, తాళ్లతో, ఏ కంప్యూటరూ లేకుండా. పదేళ్ల లోపు పిల్లలుంటే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు ఇదే చూపించండి.

రంగులు, ముగ్గులు

చిత్రకళ విషయంలో నాది కాస్త కఠినమైన అభిప్రాయం. గ్యాలరీ ప్రారంభోత్సవానికి వెళ్తే పూర్తయిన బొమ్మలే చూస్తాం, జనంలో అవి కూడా సరిగ్గా కనపడవు. మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కు మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లడం మేలు. లైవ్ పెయింటింగ్ అని ప్రకటించే చోట్ల కూడా షరతు ఏమిటో అడగండి. వస్తువు అక్కడికక్కడ ఇస్తున్నారా, ఇంత సమయంలో ముగించాలని గడువు పెట్టారా? ఏదీ లేకపోతే చిత్రకారుడు ఇంట్లో వేసే బొమ్మను వేదిక మీద వేస్తున్నట్టే, మూడు గంటలు చూడటం కష్టం. గోడల మీద బొమ్మలు ఇష్టమైతే ఖైరతాబాద్ దగ్గర మక్తాలో ఒక ఉదయం నడవండి. 2016లో వీధి చిత్రకారులు ఇళ్ల గోడల మీద వేసిన పెద్ద బొమ్మలతో ఆ బస్తీకి ఆర్ట్ డిస్ట్రిక్ట్ అని పేరొచ్చింది. అక్కడ ఉండేవాళ్ల ఇళ్లవి, ఫోటో తీసేముందు అడగాలి.

నిజమైన ప్రత్యక్ష చిత్రకళా పోటీ మన కాలనీల్లోనే ఉంది, సంక్రాంతి ముగ్గుల పోటీ. షరతులు అచ్చమైనవి: గీసిన గడి దాటకూడదు, గంటో రెండు గంటలో సమయం, కొన్నిచోట్ల చుక్కల ముగ్గు మాత్రమే. అయితే అందరూ చేసే పని చివరికి వెళ్లడం, రంగులు నిండిన ముగ్గుల మధ్య ఫోటోలు దిగడం. మొదటికి వెళ్లండి. చుక్కలు పెట్టే పావుగంటే అసలు సంగతి. వరస ఒక వేలెడు పక్కకు జరిగితే చివర్లో మెలిక కలవదు, చెరిపితే నేల మీద మరక. మెలికల ముగ్గులో గీత చుక్కల చుట్టూ తిరిగి మొదలైన చోటికే రావాలి. చేయి తిరిగిన ఆవిడ చుక్కలు పెట్టేటప్పుడే ఆ దారంతా చూసేసి ఉంటుంది. రంగు నింపిన తర్వాత ఈ కష్టమంతా కప్పబడిపోతుంది, జడ్జీలు కూడా రంగులకే మార్కులేసేస్తారు, అది నాకు అన్యాయంగానే తోస్తుంది. బహుమతితో పని లేకుండా తెల్లపిండితో మాత్రమే వేసినవాళ్ల దగ్గర కాసేపు ఆగండి.

పరేడ్ గ్రౌండ్స్‌లో సంక్రాంతికి జరిగే అంతర్జాతీయ పతంగుల పండగ చూడటానికి అందంగా ఉంటుంది, పిల్లలకు బాగుంటుంది. పోటీగా చూడాలంటే మాత్రం పాతబస్తీలో ఎవరి డాబా మీదికైనా పిలుపు సంపాదించాలి. చైనా మాంజా ఉన్న చోటికి వెళ్లొద్దు.

ఎవరితో వెళ్తున్నారు?

పద్యం ఇష్టపడే అమ్మానాన్నలతో అయితే అవధానం, మెట్లు తక్కువ ఉన్న హాలు చూసుకుని. తెలుగు రాని ఆఫీసు స్నేహితులతో అయితే ఇంప్రావ్. వాళ్లకు కొంచెం హిందీ వస్తే మజాహియా ముషాయిరా ఇంకా బాగుంటుంది, ఈ ఊరి గొంతు వాళ్లకు వినపడుతుంది. చిన్నపిల్లలతో సురభి, లేదంటే ముగ్గుల పోటీ. టీనేజ్ పిల్లలు బలవంతంగా తీసుకెళ్తే ఏ సభనూ ఆనందించరు, వాళ్లను స్లామ్‌కు తీసుకెళ్లి జడ్జీ కుర్చీలో కూర్చోబెట్టండి. ఒంటరిగా వెళ్లేవాళ్లకు లామకాన్ లాంటి చోటు సులువు, పక్కవాళ్లతో మాట కలపడం అక్కడ ఎవరికీ వింతగా అనిపించదు.

ఒకే రోజు రెండు కార్యక్రమాలు పెట్టుకోవద్దు. ముఖ్యంగా అవధానం ఉన్న రోజు సాయంత్రం ఇంకే పనీ ఉండకూడదు. ఆరింటికని పత్రికలో ఉంటే ఆరున్నరకు మొదలవుతుంది, జ్యోతి ప్రజ్వలన, స్వాగతోపన్యాసం అయ్యేసరికి ఏడు. ధారణ తొమ్మిదిన్నర ప్రాంతంలో వస్తుంది. ఆ సమయానికి పార్కింగ్ రద్దీ అని, ఆకలేస్తోందని హాల్లో సగం మంది లేచిపోతుంటారు. వెళ్లేముందు ఇంట్లో ఏదైనా తిని బయల్దేరండి, ధారణ అయ్యేదాకా ఉండండి. అయ్యాక వేదిక దగ్గరికి వెళ్లి, మీరు రాసుకున్న పద్యం అవధానికి చూపించి ఒక్క సందేహం అడగండి. చాలామంది ఎంత అలసిపోయినా నిలబడి చెబుతారు.